ఆక్షేపణ, అధిక్షేపం, ట్రోలింగ్: తెలుగు పత్రికా వివాదాల నేపథ్యంలో ఒక పరిశీలన

నేటి తెలుగులో ‘ట్రోలింగ్’ అనే మాట వెక్కిరింతకు, విమర్శకు, దూషణకు, సామూహిక వేధింపుకు భేదం లేకుండా వాడుకలో ఉంది. కదిలే పడవ వెనుక గాలం లాగుతూ చేపలు పట్టే పద్ధతికి ఆంగ్లంలో ఇదే పేరు. 1990ల తొలినాళ్ల యూజ్‌నెట్ చర్చావేదికల్లో, ఎదుటివారిని రెచ్చగొట్టి జవాబు రాబట్టేందుకు వేసే ఎర అనే అర్థం దీనికి ఏర్పడింది. ఈ అర్థాన్ని ప్రమాణంగా తీసుకుంటే మన పత్రికా వివాదాలు ఏ కోవకు చెందుతాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కందుకూరి వీరేశలింగం 1874లో ‘వివేకవర్ధని’ని స్థాపించారు. ‘ఆంధ్రభాషా సంజీవని’ సంపాదకులు కొక్కొండ వేంకటరత్నం దానిని పరిహసిస్తూ ‘హాస్యవర్ధని’ని వెలువరించగా, కందుకూరి ‘హాస్యసంజీవని’తో బదులిచ్చారు. ఒకరి పత్రిక పేరులోని పదాన్ని మరొకరు ఎత్తుకోవడంలోనే ఎత్తిపొడుపు ఉంది. అయినా ఇద్దరూ తమ పేరుతోనే, తాము నమ్మిన పక్షం కోసమే రాశారు. సంస్కరణ, సంప్రదాయాల మధ్య వాదం ఆ హాస్యంలో మరుగున పడలేదు.

తెలంగాణలో కవులు లేరన్న ముడుంబ వేంకటరాఘవాచార్యుల ఆక్షేపణ మరింత నొప్పించింది. సురవరం ప్రతాపరెడ్డి దానికి దూషణతో కాక, 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించి సమాధానమిచ్చారు. ఆక్షేపణ ఎంత కటువైనా సాక్ష్యంతో ఖండించదగినది; అందుకే ఆ జవాబు వివాదాన్ని తేల్చింది.

ట్రోలింగ్‌కు గల భేదం ఇక్కడే తెలుస్తుంది. అక్కడ జవాబు వివాదాన్ని తేల్చదు, పెంచుతుంది. రుజువు చూపితే ప్రశ్న మారుతుంది, కోపం చూపితే లక్ష్యం నెరవేరుతుంది. కనుక మాట కాఠిన్యం గాని, రచయిత అజ్ఞాతం గాని దీనికి నిర్ణాయకం కాదు. సొంత పేరుతోనూ ఎర వేయవచ్చు. మారుపేరుతోనూ నిజాయితీగా వాదించవచ్చు. సమాధానానికి లోబడే ఉద్దేశం ఉన్నదా లేదా అన్నదే గీటురాయి.

ఈ వివేచన కేవలం పదచర్చ కాదు. సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షన్ ‘చికాకు’, ‘అసౌకర్యం’ వంటి అస్పష్ట పదాలను నేరానికి ఆధారం చేసింది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ రోహింటన్ నారిమన్‌ల ధర్మాసనం దానిని కొట్టివేసింది. చర్చ, సమర్థన, ప్రేరేపణ వేర్వేరని ఆ తీర్పు గుర్తించింది. ప్రతి అధిక్షేపాన్నీ ట్రోలింగ్ అంటే కందుకూరి వ్యంగ్యమూ నేరమవుతుంది. ప్రతి వేధింపునూ విమర్శ అంటే బాధితులకు దిక్కుండదు. రెండింటి నడుమ గీత గీయడానికి మన పత్రికాచరిత్ర తగిన ఆధారాన్నిస్తున్నది.