వంద పూసల మాల

హిమాలయాల్లో ఎత్తైన కనుమలు దాటి చుట్టి వచ్చే ట్రెక్ ప్లాన్ చేసుకుంటున్నాను. రోజుకి 8 కిలోమీటర్లు. నైన్ సింగ్ రావత్ లెక్కలో అది జపమాల ఒక్క తిప్పు.

మిలం అనే కుమావూఁ కొండపల్లె మనిషి. ఆంగ్లేయుల సర్వే కోసం 1865లో మారువేషంలో బయల్దేరి, నేపాల్ మీదుగా లాసా చేరి, మానససరోవరం దారిన తిరిగొచ్చాడు. దొరికితే ప్రాణాలకే ముప్పు. 108 ఉండాల్సిన మాలలో 100 పూసలే. నూరంగలకో పూస, రెండువేల అంగలకో మైలు. ప్రార్థన చక్రంలో మంత్రాలకి బదులు కొలతల చీటీలు. ఎత్తు తెలియాలంటే నీళ్లు మరగబెట్టడమే. పైకెళ్లేకొద్దీ తక్కువ వేడికే మరుగుతాయి. (చూసేవాళ్లు టీ కోసమనుకుని ఉంటారు!)

1868లో అచ్చైన నివేదికలో అతను వట్టి ‘పండిత్’. గూఢచారి పేరు దాచాలి, సరే. రాసిన కెప్టెన్ మాంట్‌గమరీ పేరు మాత్రం దర్జాగా ఉంది. రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ బంగారు పతకం నైన్ సింగ్‌కి 1877లో వచ్చింది.