‘జమఅ’ అనే క్రియ, ఖుర్ఆన్ సంకలన చరిత్ర



మనం పద్దు పుస్తకంలో వ్రాసుకునే ‘జమా ఖర్చు’లోని జమ, నేడు మనల్ని మస్జిదుకు రప్పించిన జుమా, రెండూ అరబీలోని ‘జమఅ’ అనే క్రియకు సంబంధించినవే. విడివిడిగా ఉన్నవాటిని ఒకచోట చేర్చడం దాని మూలార్థం. అయితే ఖుర్ఆన్ చరిత్రలో ఈ క్రియను తొందరపడి అర్థం చేసుకుంటే పెద్ద అపోహకు లోనవుతాము.

దైవప్రవక్త (సఅసం) జీవితకాలంలోనే అన్సారులలో నలుగురు ఖుర్ఆన్‌ను జమ చేశారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. వారు ఉబై బిన్ కఅబ్, ముఆజ్ బిన్ జబల్, జైద్ బిన్ సాబిత్, అబూ జైద్ (రజి). ప్రవక్త (సఅసం) మరణానంతరం హజ్రత్ అబూబకర్ (రజి) ఖుర్ఆన్‌ను జమ చేయించారని కూడా అదే సహీహ్ బుఖారీలో ఉంది. అప్పటికే జమ అయినదానిని మళ్లీ జమ చేయడమేమిటని మన యువకులు అడుగుతుంటారు. అడగవలసిన ప్రశ్నే.

మొదటి ఉల్లేఖనంలో జమ అంటే హృదయంలో పదిలపరచుకోవడం, కంఠస్థం చేయడం. ఉలమాలు సాధారణంగా ఇచ్చే వివరణ ఇదే. రెండవది వ్రాతకు సంబంధించినది. హిజ్రీ 12 (క్రీ.శ. 633) ప్రాంతంలో యమామా యుద్ధంలో ఎందరో ఖారీలు షహీదులయ్యారు. హజ్రత్ ఉమర్ (రజి) ఆందోళన చెంది గ్రంథ సంకలనాన్ని ప్రతిపాదించారు. ప్రవక్త చేయని పనిని తామెలా చేయగలమని అబూబకర్ (రజి) మొదట వెనుకాడారు. ఆ బాధ్యత మీదపడిన జైద్ (రజి)కు కొండను కదిలించడం కన్నా అది బరువనిపించింది.

గమనించండి, జైద్ పైన చెప్పిన నలుగురిలో ఒకరు. కంఠస్థమైనదానిని కూర్చుని వ్రాసివేయవచ్చు. ఆయన అలా చేయలేదు. ఖర్జూరపు మట్టల మీద, పలుచని రాళ్ల మీద ఉన్న వ్రాతలను, హాఫిజుల కంఠస్థ పాఠాన్ని సేకరించారు. తౌబా సూరా చివరి వాక్యాలు అబూ ఖుజైమా అన్సారీ (రజి) వద్ద మాత్రమే లభించాయన్న మాటకు, వ్రాతరూపంలో లభించాయని అర్థం. అవి జైద్‌కు ముందే తెలుసు, కనుకనే వాటికోసం వెతికారు.

హిజ్రీ 25 ప్రాంతంలో, ఆర్మీనియా, ఆజర్‌బైజాన్ దండయాత్రల నాడు, పారాయణంలో భేదాలు తలెత్తడం చూసి హుజైఫా (రజి) ఖలీఫా ఉస్మాన్ (రజి)ను హెచ్చరించారు. ఈసారి ఒకచోటికి చేర్చవలసి వచ్చింది మనుషులను. ఉస్మాన్ (రజి) కొత్తగా సేకరణ ఆరంభించలేదు. అబూబకర్ నుండి ఉమర్‌కు, అటుపై విశ్వాసుల మాత హఫ్సా (రజి)కు చేరిన ఆ పత్రాలనే తెప్పించి, జైద్‌తో పాటు మరో ముగ్గురి చేత ప్రతులు వ్రాయించి ప్రాంతాలకు పంపారు. పని ముగిశాక మూలపత్రాలను హఫ్సా (రజి)కు తిరిగి అప్పగించారు.