తల్లి గర్భంలో తొలి 28 దినాలు



సంతానాన్ని కోరి దేవాలయానికి వచ్చే దంపతులు, గర్భవతి అయిన కుమార్తె పేరున అర్చన చేయించే తల్లులు, సీమంతానికి ముహూర్తం అడిగే పెద్దలు, వీరందరి ప్రార్థన ఒక్కటే. బిడ్డ సర్వాంగ సంపూర్ణంగా, చక్కని బుద్ధితో భూమిమీద పడాలి. ఆ బిడ్డ శరీరం, అందునా మెదడు, వెన్నుపాము, నాడులు, గర్భంలో ఏ క్రమంలో ఏర్పడతాయి? ఈ ప్రశ్నను మన పెద్దలు ఎట్లా వేసుకొన్నారో, లోకం సమాధానాన్ని ఎట్లా సాధించిందో, అందులో ఒక తెలుగు బిడ్డ చేసిన సేవ ఏమిటో ఈనాడు స్మరించుకొందాం. ఇది తెలిసికొని ఊరుకొనే విషయం కాదు. ఇంటింటా ఆచరించవలసిన ధర్మం ఒకటి ఇందులో ఉన్నది.

సుశ్రుత సంహితలోని శారీరస్థానంలో ఒక చక్కని చర్చ ఉన్నది. గర్భంలో మొదట పుట్టే అవయవం ఏది? శిరస్సు అన్నాడు శౌనకుడు, ఇంద్రియాలన్నిటికీ అదే మూలం గనుక. హృదయం అన్నాడు కృతవీర్యుడు, బుద్ధికీ మనస్సుకూ అదే స్థానం గనుక. నాభి అన్నాడు పరాశరుడు. చేతులు, కాళ్ళు అన్నాడు మార్కండేయుడు. దేహమధ్యం అన్నాడు సుభూతి గౌతముడు. ధన్వంతరి ఈ మతాలను విని, అన్ని అంగాలూ ఒక్కసారే సంభవిస్తాయనీ, అతి సూక్ష్మంగా ఉన్నందున కనబడవనీ తీర్పు చెప్పాడు. దానికి ఆయన చూపిన దృష్టాంతాలు వెదురు మొలక, మామిడిపండు. పండిన మామిడిలో పీచు, కండ, టెంక, జీడి వేరువేరుగా కనబడతాయి. లేత పిందెలో అవి విడివిడిగా తెలియవు. అంతమాత్రాన లేవని అనలేము. మామిడి తోటల నడుమ పెరిగిన మనకు ఈ మాటను వేరే వివరించనక్కరలేదు.

భాగవతం తృతీయస్కంధంలో కపిలమహర్షి తన తల్లి దేవహూతికి గర్భస్థ జీవుని గతిని ఉపదేశిస్తాడు. మొదటి రాత్రికి కలలం, ఐదు రాత్రులకు బుడగ, పది దినాలకు రేగుపండు వంటి రూపం, నెలకు శిరస్సు, రెండు నెలలకు చేతులు, పాదాలు మున్నగు అంగాలు అని ఆ క్రమం సాగుతుంది. పోతన మహాకవి పుణ్యమా అని ఈ ఘట్టం తెలుగువారి ఇళ్ళలోనూ వినబడింది.

ఈ ఋషివాక్యాలలోనే నేటి విజ్ఞానమంతా ఉన్నదని చెప్పడం పెద్దలకు గౌరవం కాదు. వారికి సూక్ష్మదర్శిని లేదు. ఉన్నది నిశితమైన పరిశీలన, సత్యం తేలేదాకా పరస్పరం వాదించుకొనే ధైర్యం. ఆ రెండింటికీ మనం నమస్కరించాలి.

పాశ్చాత్య దేశాలలోనూ ఇదే ప్రశ్న నడిచింది. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ కోడిగ్రుడ్లను దినదినమూ పగులగొట్టి పరిశీలించి, మొదట కదిలేది గుండె అన్నాడు. తరువాత కొన్ని శతాబ్దాలకు, బీజంలోనే చిట్టి మానవాకారం ముడుచుకొని ఉంటుందనీ, గర్భంలో అది పెద్దదవుతుందనీ కొందరు నమ్మారు. 1651లో విలియం హార్వే తన గ్రంథంలో, అవయవాలు ఒకదాని వెంట ఒకటి క్రమంగా రూపొందుతాయని వాదించాడు. 1827లో కార్ల్ ఎర్నెస్ట్ ఫాన్ బేర్ క్షీరదాల అండాన్ని మొదటిసారిగా కనుగొన్నాడు. అటుపిమ్మట సూక్ష్మదర్శినుల సాయంతో గర్భంలోని ఒక్కొక్క దినపు వృత్తాంతం వెలువడింది.

మన ఇబ్రహీంపట్నం ప్రక్కనే కొండపల్లి ఉన్నది. అక్కడి శిల్పి తెల్లపొణికి కర్రతో తల, మొండెం, చేతులు వేరువేరుగా చెక్కి, చింతగింజల మక్కుతో అతికి బొమ్మను పూర్తి చేస్తాడు. గర్భంలో జరిగే సృష్టి అటువంటిది కాదు. అక్కడ అతుకులు లేవు. గర్భధారణ జరిగిన మూడవ వారంలో పిండం మూడు పొరలుగా ఏర్పడుతుంది. సుమారు 18వ దినాన పైపొర మధ్యభాగం దళసరియై ఒక పలక వలె కనబడుతుంది. నాడీమండలానికంతటికీ అదే పునాది. ఆ పలక అంచులు రెండు గట్ల వలె లేస్తాయి, నడుమ కాలువ ఏర్పడుతుంది. 22వ దినం నాటికి ఆ గట్లు మెడ భాగాన ఒకదానినొకటి తాకి కలుసుకొంటాయి. అక్కడి నుండి పైకీ క్రిందికీ మూసుకొంటూ పోయి, కాలువ గొట్టంగా మారుతుంది. తల వైపు ద్వారం ఇంచుమించు 25వ దినాన, నడుము వైపు ద్వారం 28వ దినం నాటికి మూసుకొంటాయి. ఈ నాడీనాళపు పైభాగమే మెదడు, క్రిందిభాగమే వెన్నుపాము. గుండె కొట్టుకొనడం ఆరంభించేది కూడా ఆ 22వ దినం ప్రాంతంలోనే. చూడండి, శిరస్సు అన్న శౌనకుని మాటలోనూ, హృదయం అన్న కృతవీర్యుని మాటలోనూ కొంత కొంత సత్యం ఉన్నది.

తరువాతి నెలలలో ఆ గొట్టపు గోడల నుండి కోట్లాది నాడీకణాలు పుట్టి, తమ తమ స్థానాలకు ప్రయాణం చేసి, ఒకదానితో ఒకటి సంబంధం ఏర్పరచుకొంటాయి. ఆరు నెలలు దాటేసరికి శిశువు వెలుపలి శబ్దాలకు స్పందిస్తుంది. ప్రహ్లాదుడు గర్భంలో నారదుని ఉపదేశం విన్న కథ మనకు ఇక్కడ తలపుకు రాక మానదు. పుట్టిన తరువాత కూడా మెదడు ఎదుగుదల ఎన్నో ఏళ్ళు సాగుతుంది. అయితే పునాది పడేది మాత్రం ఆ తొలి 28 దినాలలోనే.

ఆ ద్వారాలు మూసుకొనకపోతే? పైద్వారం తెరచి ఉంటే మెదడు ఎదగదు, బిడ్డ దక్కదు. క్రింది ద్వారం తెరచి ఉంటే వెన్నెముక చీలి, కాళ్ళకు చచ్చుదనం, మలమూత్రాలపై అదుపు లేకపోవడం వంటి బాధలు జీవితాంతం వెంటాడవచ్చు. అటువంటి బిడ్డ పుట్టిన ఇంట ఏమి జరుగుతుందో మనకు తెలియనిది కాదు. గ్రహణం చూసిందనీ, ఆమె చేసుకొన్న పాపమనీ కోడలిని నిందిస్తారు. ఏడుస్తున్న తల్లిమీద మరొక బరువు మోపుతారు. ఇది ధర్మం కాదు, సత్యమూ కాదు. ఈ లోపానికి కారణాలు అనేకం. వాటిలో మనం నివారించగల ముఖ్యమైనది ఒక పోషకపదార్థపు కొరత. ఆ పదార్థం కథ మన దేశంలోనే మొదలైంది.

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టల మిల్లులలో పనిచేసే గర్భవతుల తీవ్రమైన రక్తహీనతను పరిశీలించారు. ఈస్ట్ సారంతో వారికి స్వస్థత చేకూరుతున్నదని 1931లో ప్రకటించారు. ఆ సారంలోని గుణపదార్థాన్ని 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూర నుండి వేరుచేసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ పదంతో ఫోలిక్ ఆమ్లం అని పేరుపెట్టారు.

దానిని ప్రయోగశాలలో తయారు చేసిన బృందానికి నాయకుడు మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895 జనవరి 12న భీమవరంలో పేద కుటుంబంలో జన్మించారు. యౌవనంలో రామకృష్ణ మిషన్‌లో చేరి సన్న్యసించాలని తలచి, వైద్యం చదివి సేవ చేయమన్న పెద్దల మాటపై మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. సంగ్రహణి వ్యాధి వారి సోదరులిద్దరిని బలిగొన్నది. ఆ వ్యాధికి మందు కనుగొనాలన్న పట్టుదల వారిని విడువలేదు. అమెరికాకు వెళ్ళి హార్వర్డులో పరిశోధన చేసి, 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. 1945లో వారి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేయగలిగింది. సంగ్రహణికీ, గర్భవతుల రక్తహీనతకూ అది ఔషధమైంది. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, సుబ్బారావుగారు పరమపదించారు. తాము చేసిన మందు గర్భస్థ శిశువు వెన్నును కాపాడగలదని వారికి తెలిసే అవకాశమే లేకపోయింది.

1965లో ఇంగ్లండులో హిబ్బర్డ్, స్మిథెల్స్ అనే వైద్యులు ఈ ఆమ్లపు లోపానికీ నాడీనాళ లోపాలకూ సంబంధం ఉండవచ్చునని సూచించారు. తరువాత ఏడు దేశాలలో, అంతకు మునుపు అట్టి బిడ్డను కన్న 1817 మంది స్త్రీలపై పరీక్ష జరిగింది. గర్భధారణకు ముందునుండే ఫోలిక్ ఆమ్లం తీసుకొన్నవారిలో లోపం 72 శాతం తగ్గిందని 1991లో తేలింది. అన్ని లోపాలనూ అది ఆపలేదు. కాని నాలుగింట ఇంచుమించు మూడు వంతులు ఆపగలగడం సామాన్యమైన వరమా?

ఇక ఆచరణ. నెల తప్పిన సంగతి తెలిసి, ఇంట్లో చెప్పుకొని, వైద్యుని దర్శించేసరికి ఆ 28 దినాలు తరచు గడచిపోతాయి. ప్రభుత్వం గర్భవతులకు ఇచ్చే ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిసిన ఎర్రమాత్ర నాలుగవ నెల నుండి మొదలవుతుంది. అది రక్తానికి ఎంతో అవసరం, మానరాదు. కాని నాడీనాళం అప్పటికే మూసుకొని ఉంటుంది. అందుచేత సంతానం కోరే స్త్రీ కనీసం నెల ముందునుండే, గర్భం నిలిచిన తరువాత పన్నెండు వారాల వరకు, దినానికి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకోవాలని వైద్యశాస్త్రం చెబుతున్నది. మునుపు ఇట్టి బిడ్డ పుట్టినవారు, మూర్ఛకు మందులు వాడేవారు, మధుమేహం ఉన్నవారు వైద్యుని ముందుగా సంప్రదించి తగిన మోతాదు తెలిసికోవాలి. తోటకూర, పాలకూర, పెసలు, సెనగలు ఆహారంలో ఉండాలి. ఆకుకూరలను అతిగా ఉడికించి నీరు పారబోస్తే ఆ సారం నష్టమవుతుంది. ఆహారం మాత్రకు తోడేగాని బదులు కాదు.

మన షోడశ సంస్కారాలలో మొదటిది గర్భాధానం. సీమంతం అటుతరువాతిది. బిడ్డపట్ల శ్రద్ధ కడుపు కనబడిన నాడు కాదు, సంకల్పం కలిగిన నాడే ఆరంభం కావాలన్న భావం ఆ క్రమంలోనే ఉన్నది. ఇంట పెళ్ళి నిశ్చయమైనప్పుడు చీరలు, నగలతోపాటు ఈ మాటను కూడా వధూవరులకు చెప్పండి. అత్తగారు చెబితే మరింత శోభ. భీమవరం బిడ్డ లోకానికి ఇచ్చిన కానుక మన కోడళ్ళకు, కూతుళ్ళకు సకాలంలో అందడమే ఆయనకు మనం అర్పించే అర్ఘ్యం.

స్వస్తి.