ఆంగ్ల వర్ణక్రమమున హ్రస్వదీర్ఘములు

ఆంగ్ల పాఠ్యపుస్తకములు 'బిట్' అను మాటలోని అచ్చును హ్రస్వమనియు, 'బైట్' అను మాటలోని దానిని దీర్ఘమనియు చెప్పును. హ్రస్వము ఏకమాత్రాకాలికమనియు, దీర్ఘము ద్విమాత్రాకాలికమనియు నేర్చిన మనకు ఇది వింతగా తోచును. ఇకారమును ఎంతసేపు సాగదీసినను ఐకారము కాదు గదా! అయినను ఈ సంజ్ఞలను నిరర్థకములని త్రోసిపుచ్చుట తగదు. ఒకప్పుడు ఈ జంటల నడుమనున్నది నిజముగ మాత్రాభేదమే. ఉచ్చారణము మారిపోయినది, సంజ్ఞయు వర్ణక్రమమును మిగిలినవి.

ప్రాచీనాంగ్లమున మాత్రాభేదము అర్థభేదకము. దేవుడను అర్థమున 'గొద్' హ్రస్వయుక్తము. మంచియను అర్థమున 'గోద్' దీర్ఘయుక్తము. నేటి 'గాడ్', 'గుడ్' అను పదములు వీని సంతతియే. కాని వ్రాతప్రతులలో రెండును సాధారణముగ ఒక్క తీరుననే కానవచ్చును. లాటిను లిపి నుండి గ్రహించిన అచ్చులకు మాత్రను తెలుపు శక్తి లేదు. నేటి ముద్రితప్రతులలోని దీర్ఘచిహ్నములు ఆధునిక పరిష్కర్తలు చేర్చినవి. దీనికి మనము నవ్వరాదు. మన ప్రాచీన శాసనములందును ఎకార ఏకారములకు, ఒకార ఓకారములకు లిపిలో భేదము చాలచోట్ల కానరాదు. సంస్కృతమునకు అమరిన లిపి తెలుగునకు వచ్చినపుడు కలిగిన చిక్కే అది.

తరువాతి కాలమున సంయుక్తాక్షరము పరమగునపుడు దీర్ఘము హ్రస్వమయ్యెను. 'కీప్'నకు భూతరూపము 'కెప్ట్' అగుటకును, 'వైజ్' నుండి 'విజ్డమ్' ఏర్పడుటకును ఇదియే మూలము. కార్యము 'కజ్జ'గను, మార్గము 'మగ్గ'గను మారిన ప్రాకృతమును ఎరిగినవారికి ఇది క్రొత్త కాదు. హేమచంద్రుడు ఈ హ్రస్వతను తన వ్యాకరణమున విధించియే యున్నాడు. రెండు భాషలకును ఇందు పరస్పర ప్రభావమేమియు లేదు.

మాత్రను లిపిలో నిలుపుటకు పట్టుదలతో యత్నించినవాడు పండ్రెండవ శతాబ్దివాడైన ఓర్మ్ అను మతాచార్యుడు. సువార్తలను వివరించుచు ఇతడు వ్రాసిన 'ఓర్ములమ్' అను పద్యకృతిలో సుమారు 19,000 పంక్తులు మిగిలియున్నవి. హ్రస్వమునకు పరమై అదే అక్షరమును మూయు హల్లును ఇతడు జంటగ వ్రాసెను. తన కృతిని ఎత్తివ్రాయువారు ఈ జంటలను విడువరాదని ముందుగనే వేడుకొనెను. ఎత్తివ్రాసిన ప్రతి యేదియు నేడు లభించుట లేదు! స్వహస్తలిఖితమైన ప్రతి ఒక్కటి మాత్రము ఆక్స్‌ఫర్డునందలి బోడ్లియన్ గ్రంథాలయమున నున్నది.

పదుమూడవ శతాబ్దిలో అజంతాక్షరములలోని హ్రస్వము పెక్కుచోట్ల దీర్ఘమాయెను. పేరను అర్థముగల 'నమ' అను మాట 'నామె' అయినది. (ఇది మన నామశబ్దమునకు జ్ఞాతియే.) పిదప తుది ఎకారము ఉచ్చారణమున లోపించినది, లేఖనమున మాత్రము నిలిచి, ముందరి అచ్చు దీర్ఘమని తెలుపు గురుతుగ పరిణమించినది. 1582లో మల్కాస్టర్ తన 'ఎలిమెంటరీ' అను గ్రంథమున ఈ వాడుకను సమర్థించెను. పలుకని అక్షరము వ్యర్థమని పరిహసించువారు ఈ చరిత్రమును గమనింపవలెను.

సుమారు 1400 మొదలు 1700 వరకు దీర్ఘములన్నియు స్థానము మారినవి. 'టీమె' టైమ్ అయినది; 'హూస్' హౌస్ అయినది; 'మోన్' మూన్ అయినది; 'నామె' నేమ్ అయినది. డేనిష్ పండితుడు యెస్పర్సన్ 1909లో దీనిని మహాస్వరపరివర్తనమని పేర్కొనెను. ఈ మార్పు నడచుచుండగనే, 1476లో కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టరున ముద్రణాలయము స్థాపించెను. క్రమముగ ముద్రణము పాత వర్ణక్రమమును స్థిరపరచెను. నాలుక ముందునకు సాగిపోయెను. 'బ్లడ్', 'ఫుట్', 'మూన్' అను మూడింటను ఓ అను అక్షరము జంటగనే యున్నది. మూడును తొలుత ఓకారములే, పిదప ఊకారములే. బ్లడ్ ముందుగ హ్రస్వమై అటుపిమ్మట అకారప్రాయమైనది. ఫుట్ ఆలస్యముగ హ్రస్వమై ఉకారమున నిలిచినది. మూన్ దీర్ఘముగనే యున్నది. ఒక్క లేఖనమున మూడు కాలముల ఉచ్చారణములు పొరలుగ పేరుకొన్నవి. దీనిని అరాచకమనుటకంటె శాసనము వలె చదువుట మేలు. కావుననే ఆంగ్లమును బోధించువారు ఆ సంజ్ఞలను మన హ్రస్వదీర్ఘములుగ అనువదించి విడిచిపెట్టిన విద్యార్థికి మేలు కంటె కీడే ఎక్కువ.

మన భాషలో చేరిన ఆంగ్లపదములు ఇచట ఒక విశేషమును చూపుచున్నవి. బస్సు, కప్పు, పెన్ను, బిల్లు అనునపుడు హ్రస్వమునకు పరమైన హల్లు ద్విత్వమైనది. గేటు, కేసు, కోటు అనునపుడు ఒంటిగ నున్నది. 'కప్' అనుచోట ఆంగ్లమున లేఖనమునను ద్విత్వము లేదు. 'బిల్' అనుచోట లేఖనమున ఉన్నను ఉచ్చారణమున లేదు. కావున తెలుగువారు కంటితో చూచి గాక చెవితో విని ఈ రూపములను కల్పించుకొనిరనుట స్పష్టము. గేట్, కోట్ లలోని అచ్చులు నేటి ఆంగ్ల ధ్వనివేత్తలకు సంధ్యక్షరములు; తెలుగు చెవికి అవి శుద్ధదీర్ఘములు. ఓర్మ్ లేఖనమున కోరిన జంటహల్లు తెలుగువాని నోట తనంత తానే పలికినది. దీర్ఘము మీదను ద్విత్వమును పొందిన 'రోడ్డు' వంటి రూపములు ఈ నియమమునకు లొంగవు. అట్టివానిని వేరుగ ఏరి పరిశీలింపవలసియున్నది.