ఒకే పదార్థము - మూడు స్ఫటికములు

ఉప్పుమడిలో నీరు ఇగిరిపోగా కల్లుప్పు మిగులుట మనమెరిగినదే. అయితే ఒకే పదార్థము వేర్వేరు విధముల స్ఫటికములుగా ఏర్పడునా? ఏర్పడునేని, మనము కోరిన రూపమునే రప్పింపవచ్చునా? ఈ ప్రశ్నలకు ముచ్చటైన చరిత్ర యొకటి కలదు.

1820లో హెన్రీ బ్రాకొనో అను ఫ్రెంచి రసాయనజ్ఞుడు జంతువులనుండి తీసిన జిగురును గంధకామ్లముతో కాచి, తియ్యని స్ఫటికములను పొందెను. తీపి అను అర్థము గల గ్రీకుమాటనుండి ఆ పదార్థమునకు పిమ్మట గ్లైసీన్ అను పేరు వచ్చినది. మాంసకృత్తులకు ఇటుకలవంటివైన ఎమినో ఆమ్లములలో ఇదియే మిక్కిలి చిన్నది.

1939లో అమెరికాలో ఆల్బ్రెక్ట్, కోరీ అనువారు ఎక్స్‌కిరణముల సాయమున దీని ఆల్ఫా రూపములోని అణువుల కూర్పును నిర్ణయించిరి. అందు అణువులు జంటలుగా ఎదురెదురుగా అమరియుండును. 1954లో జపాను శాస్త్రజ్ఞుడు ఈటాకా గామా రూపమును ప్రకటించెను. ఇందు జంటలు లేవు. అణువుల వరుసలన్నియు ఒకే దిక్కునకు చూచుచుండును. కావుననే దీనిని అదిమినచో విద్యుత్తు పుట్టును. రేడియో ప్రసారయంత్రములకెక్కిన క్వార్ట్జు పలుకునకును ఈ గుణమే కలదు. బీటా అను మూడవ రూపమో, తేమ తగిలిన నిలువదు.

వింతయేమనగా, సాధారణమైన వేడిమిలో గామాయే అన్నిటికంటె స్థిరమైనది. అయినను శుద్ధజలమునుండి ఆల్ఫాయే ముందు వచ్చును. స్థిరమైన రూపమే మొదట రావలెనను నియమము లేదని జర్మను శాస్త్రజ్ఞుడు ఆస్ట్‌వాల్డ్ 1897లోనే చెప్పియుండెను. త్వరగా పెరుగునదే ముందంజ వేయును. కనుక గామా కావలెనన్నచో ఆల్ఫా పెరుగుదలకు అడ్డుపడవలెను. 1994లో ఇజ్రాయెలులోని వైజ్‌మన్ సంస్థవారు, ఆల్ఫా ముఖములకు అంటుకొను వేరొక ఎమినో ఆమ్లమును కొద్దిగా కలిపి గామాను రప్పించిరి. 2002లో గారెట్జ్, మయర్సన్ ప్రభృతులు లేజరు కాంతినే సాధనముగా గైకొనిరి. ఒకే తలమున కంపించు కాంతి గామాను, సుడితిరుగుచు కంపించు కాంతి ఆల్ఫాను మొలిపించెను.

ఇది కేవలము ప్రయోగశాలలోని వినోదము కాదు. 1996లో వెలువడిన రిటోనవీర్ అను ఎయిడ్సు మందులో, 1998లో అంతవరకు కనబడని స్ఫటికరూపమొకటి తలయెత్తెను. అది సరిగా కరుగదు. ఆ గొట్టపుమాత్రలను నిలిపివేయగా, రోగులు కొంతకాలము ద్రవరూపమైన మందుతో సరిపెట్టుకొనవలసివచ్చెను. అణువు మారలేదు, అణువుల కూర్పు మాత్రమే మారినది. ఆ కూర్పు మన చేతిలో నుండుట ఎంత అవసరమో ఇందువలన స్పష్టమగుచున్నది.