బండి క్రింది బాల్చీ

దీపములు పెట్టు వేళకు ఏ పట్టణపు కూడలియందైనను నాలుగు సైకిలు చక్రములపై వచ్చి నిలుచు తోపుడు బండిని సమీపించినవారు కాగుచున్న పెనమును చూతురు, నూనెలో పొంగుచున్న పునుగులను చూతురు, అల్లపు చట్నీ గిన్నెను చూతురు. కాని బండి క్రింద, చక్రముల నీడలో, నూనెతెట్టు కట్టిన నీళ్ళతో నుండు బాల్చీని చూచువారు అరుదు. వీథిలో అమ్ముడుపోవు తినుబండారముల శుభ్రతనుగూర్చి వ్రాయదలచినవాడు, నా యభిప్రాయమున, పెనముకడ గాక ఆ బాల్చీకడనే ఆరంభింపవలెను.

మన దేశమున డబ్బిచ్చి అన్నము తినుట నిన్నమొన్నటి యాచారము కాదు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామమున, మంచనశర్మయు టిట్టిభసెట్టియు తిరుగాడిన కాకతీయుల ఓరుగంటిలో, ఒక్క రూక యిచ్చినచో పూటకూటింట కడుపునిండ భోజనము దొరకెడి ముచ్చట కలదు. మన పూర్వుల దైనందిన జీవితమును వెదకిన సురవరము ప్రతాపరెడ్డిగారు అట్టి కావ్యములనే గనులుగా త్రవ్విరి. పూటకూళ్ళ సంగతి యట్లుండ, సంతలలోను తీర్థములలోను చెట్టునీడను పొయ్యి పెట్టి గారెలు, బూరెలు వండి యమ్మినవారికి పళ్ళెములతో పనిలేకుండెను. వారి శుభ్రతకు అదియే మూలము. విశాఖ మన్యమున గిరిజనులు కోసి తెచ్చు అడ్డాకులను ఈనెపుల్లలతో కుట్టిన విస్తళ్ళు, తెలంగాణమున మోదుగాకు విస్తళ్ళు, కృష్ణా గోదావరీ తీరములందు అరటియాకులు, ఏదియు లేనిచోట బాదమాకు దొప్పలు. ఆకును కడిగి మరల వాడువారెవరును లేరు. తిన్నవాడు లేచిన వెంటనే అది పెంటకుప్పకో పశువు నోటికో పోవును. ఎంగిలి యను నొక్క మాటలో మనవారిమిడ్చిన భయము, అనగా ఒకని నోరు సోకినది వేరొకని నోటికి పోరాదను భయము, ఆకు మూలమున చుక్క నీటి ఖర్చైన లేక తీరుచుండెను.

అంతమాత్రమున పూర్వమంతయు నిర్మలమని చెప్పుటకు నాకు మనసొప్పదు. మన మడి వండినవాడెవడని అడిగెనే గాని, వండిన నీరెక్కడిదని అడుగలేదు. మదరాసు రాజధానిలోని పట్టణములందు బ్రాహ్మణ కాఫీ హోటలను పలకలు వ్రేలాడిన కాలమున, కులము పేర మనుష్యులను వాకిటనే నిలిపి, బావినీటిని మాత్రము పరీక్ష లేకయే లోనికి రానిచ్చిరి. ఈ యన్యాయమునకు శుభ్రత యను పేరు పెట్టుట మన చరిత్రలోని పెద్ద మచ్చ. 1817లో వంగదేశమున విజృంభించి దేశదేశములకు ప్రాకిన కలరా, మడి కట్టినవానిని కట్టనివానిని సమముగనే కొనిపోయెను. 1884లో కలకత్తాలో రాబర్టు కాఖ్ అను జర్మను వైద్యుడు, కలరా సోకిన బస్తీవారు వాడుకొనెడి చెఱువునీటియందే ఆ సూక్ష్మజీవిని కనుగొనెను. అప్పటినుండి వివేకముగలవారు అడుగవలసిన ప్రశ్న మారిపోయినది. 1939 నాటి మదరాసు ప్రజారోగ్య చట్టము తిరునాళ్ళకును జాతరలకును ప్రత్యేకముగా ఒక యధ్యాయమును కేటాయించుటకు కారణము కూడ, జనము గుమికూడినచోట నీరే ప్రాణమై నీరే మృత్యువగునను ఎఱుకయే.

నీరు మాత్రము పట్టణములకు వచ్చెను. హైదరాబాదున 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలాదిమందిని పొట్టనబెట్టుకొన్న పిమ్మట, మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారి సలహాతో గండిపేటయందు ఉస్మాన్‌సాగరము 1920 నాటికిని, హిమాయత్‌సాగరము 1927 నాటికిని వెలసినవి. గొట్టములు ఇండ్లకు పోయెను, హోటళ్ళకు పోయెను. వీథి యంచున నిలుచువానికి రాలేదు. రాకుండుటకు కారణము బండి చక్రములలోనే కలదు. ఊరివారు అవి సౌకర్యముకొఱకు పెట్టినవందురు గాని, పోలీసో పురపాలక సంఘమువారో వచ్చినప్పుడు పెనమును పొయ్యిని దింపకయే పారిపోవుటకు అవి ముఖ్యముగా పనికివచ్చినవి. నీటికుళాయి ఒకచోట పాతుకొని యుండు వస్తువు. ఒకచోట ఉండుటకు హక్కులేనివానికి కుళాయి యెట్లు వచ్చును? అందువలననే బాల్చీ వచ్చినది.

బాల్చీతోబాటు పళ్ళెమును వచ్చినది. పట్టణములు పెరిగి అడవి దూరమైన కొలది ఆకు కరవాయెను. పింగాణీ పళ్ళెములు, పిదప స్టీలు పళ్ళెములు బండి నెక్కెను. ఇరువది పళ్ళెములను సాయంకాలమంతయు ఒకే నీటిలో ముంచి తీయుట అప్పటినుండి మొదలైనది. ఎంగిలికి వెఱచు జనము దీనికి కనిపెట్టిన విరుగుడు ఇటీవలి దశాబ్దములలో ఊరూర కనబడుచున్నది. పళ్ళెముపై పల్చని ప్లాస్టికు కాగితమును పఱచి, దానిపై వేడివేడి ఇడ్డెనను సాంబారును పెట్టుదురు. తినుట ముగిసినంతనే కాగితమును లాగి పారవేయుదురు. నీరు మిగిలెను, కాగితము మురుగుకాలువ కడ్డుపడెను. 2022 జూలై 1 మొదలు ప్లాస్టికు పళ్ళెములు, చెంచాల వంటి ఒక్కమాటు వాడి పారవేయు వస్తువులను దేశమంతట నిషేధించిరి గాని, ఆకు చేసిన పనిని మరల చేయగలదేదో ఇంకను బండివానికి అందలేదు.

వీథిలో వర్తకము చేయుట పౌరుని హక్కేయని, దానికి న్యాయమైన కట్టుబాట్లు మాత్రముండవచ్చునని సుప్రీంకోర్టు చెప్పినది 1989లో. వీథి వర్తకుల చట్టము వచ్చినది 2014లో. పట్టణ విక్రయ సంఘములందు నూటికి నలువదిమందికి తక్కువగాక వర్తకులే యుండవలెనని, వారిలో మూడవవంతు స్త్రీలు కావలెనని అది శాసించినది. ఆహారభద్రతనుగూర్చి 2011లో వచ్చిన నిబంధనలు త్రాగదగిన నీటినే వాడవలెనన్నవి. తగినమాటయే. కాని ఆ నీటిని బండికడకు చేర్చు భారము నేటికిని అమ్ముకొనువాని నెత్తిపైననే యున్నది.

ఆ భార మెట్టిదో నేను రాజమహేంద్రవరమున, గోదావరి గట్టుకు చేరువనున్న ఒక సందు మొగను చూచితిని. అచ్చట దోసెలమ్ము ముదుసలి బండి క్రింద బాల్చీలు మూడు. ఒకటి ఎంగిలి పళ్ళెములు నానవేయుటకు, ఒకటి జాడించుటకు, మూత పెట్టిన మూడవది కాడగరిటెతో త్రాగునీరు తీసి యిచ్చుటకు. దోసె దోసెకును పెనముపై నీళ్ళు చిలకరించి, సగము కోసిన ఉల్లిపాయను నూనెలో అద్ది రుద్దుచుండెను. డబ్బు ముట్టుకొనదు, పక్కనున్న రేకు డబ్బాను చూపి, "అందులో వేసి చిల్లర మీరే తీసుకోండి బాబూ" అనును. తెల్లవారుజామున కుళాయి వచ్చు గంటసేపటిలో మనుమడు రెండు సందుల అవతలనుండి మోసికొనివచ్చిన నీళ్ళవి. ఎంతసేపు అమ్ముదువని అడిగితిని.

"పిండున్నంతసేపు కాదండి, నీళ్ళున్నంతసేపే అమ్ముతానండి."

తొమ్మిది గంటలు కావచ్చినది. గిన్నెలో పిండి యింకను సగమున్నది, ఇద్దరు కూలీలు నిలిచియున్నారు. ఆమె జాడించు నీళ్ళను చేతితో కదిపి చూచి, పొయ్యి ఆర్పి, పిండిపై గుడ్డ కప్పి, వారిని రేపు రమ్మన్నది. పిమ్మట బండి నిలిచిన జాగాను ఊడ్చి, ఎత్తినదంతయు గంపలో పోసి, మనుమనితో కలిసి బండిని త్రోసికొనిపోయినది. ఖాళీ బాల్చీలు మూడును బండి క్రింద ఊగుచుండెను.