టాస్ విలువ ఎప్పుడు పెరిగింది?

1962 డిసెంబర్ 23న హ్యూస్టన్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్ 17-17తో సమమైంది. ఓవర్‌టైమ్‌కు వేసిన టాస్‌ను డల్లాస్ టెక్సన్స్ ఆటగాడు ఆబ్నర్ హేన్స్ గెలిచాడు. కోచ్ హ్యాంక్ స్ట్రామ్‌కు బంతి ముందుగా అక్కర్లేదు, గాలి తమకు అనుకూలంగా ఉండే వైపు కావాలి. హేన్స్ ముందు బంతిని తన్నుతామని చెప్పి, ఆ తర్వాత ఏ వైపో చెప్పబోయాడు. నిబంధన ప్రకారం కోరుకోవలసింది ఒక్కటే, అందుకని మొదటి మాటే చెల్లింది. బంతీ గాలీ రెండూ ఎదుటి హ్యూస్టన్ జట్టుకే దక్కాయి. అయినా రెండో అదనపు పీరియడ్‌లో టామీ బ్రూకర్ కొట్టిన ఫీల్డ్ గోల్‌తో డల్లాసే 20-17తో గెలిచింది.

హేన్స్ పొరపాటును అందరూ గుర్తుపెట్టుకున్నారు. స్ట్రామ్ వేసుకున్న లెక్క అంతకన్నా ముఖ్యమైనదని నా అభిప్రాయం. ఎవరు ముందు పాయింటు సాధిస్తే ఆట అక్కడితో సరి అనే ‘సడన్ డెత్’ నిబంధన కింద కూడా బంతిని ఎదుటివాళ్లకు ఇచ్చెయ్యడానికి అనుభవమున్న కోచ్ సిద్ధపడ్డాడు. అలాంటి సాహసం అప్పట్లో తెలివితక్కువ పని కాదు.

ఈ ఆటలో బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో కనీసం 10 గజాలు ముందుకు వెళ్లాలి, లేకపోతే బంతి వదులుకోవాలి. బంతితో ఎదుటివాళ్ల గోల్ గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. దూరం నుంచి రెండు స్తంభాల మధ్యగా తన్నితే ఫీల్డ్ గోల్, మూడు పాయింట్లు. స్ట్రామ్ లెక్కకు నాలుగేళ్ల ముందే ఒక నిదర్శనం ఉంది. 1958 డిసెంబర్ 28న న్యూయార్క్ యాంకీ స్టేడియంలో జరిగిన నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ (ఎన్‌ఎఫ్‌ఎల్) ఫైనల్‌లో ఓవర్‌టైమ్ టాస్ గెలిచి ముందుగా బంతి తీసుకున్నది న్యూయార్క్ జెయింట్స్. మూడు ప్రయత్నాల్లో 10 గజాలు పూర్తికాక నాలుగోదానిలో బంతిని దూరంగా తన్నేశారు. అప్పుడు బాల్టిమోర్ కోల్ట్స్ దాడిని నడిపించే ఆటగాడు (క్వార్టర్‌బ్యాక్) జానీ యునైటస్ తన జట్టును 13 ఎత్తుల్లో 80 గజాలు నడిపించాడు. చివరి గజం అలన్ అమీచీ దాటాడు, స్కోరు 23-17. టాస్ ఓడినవాడే ఛాంపియన్ అయ్యాడు గనుక నిబంధనను ఎవరూ తప్పుపట్టలేదు.

1974లో సడన్ డెత్‌ను లీగ్ దశ మ్యాచ్‌లకూ వర్తింపజేశారు. అదే ఏడు గోల్ స్తంభాలను పది గజాలు వెనక్కి జరపడంతో ఫీల్డ్ గోల్ కొట్టడం ఇంకా కష్టమైంది. తర్వాతి రెండు దశాబ్దాలు టాస్ గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ ఇంచుమించు సమానంగానే నెగ్గారు. నిబంధనలో సహజంగా ఉన్న న్యాయం కాదిది. కిక్కర్ల గురి అంతంతమాత్రంగా ఉండటంవల్ల కుదిరిన సమతూకం. 1960లలో ఫీల్డ్ గోల్ ప్రయత్నాల్లో సుమారు సగమే సఫలమయ్యేవి, 2000 తర్వాత ఐదింట నాలుగు సఫలమవుతున్నాయి. 1994లో ఎదుటి జట్టుకు బంతిని తన్నే కిక్‌ఆఫ్ గీతను ఐదు గజాలు వెనక్కి జరపడంతో బంతి అందుకున్న జట్టు ఇంకాస్త ముందునుంచి మొదలుపెట్టగలిగింది. ఓవర్‌టైమ్ నిబంధన పాఠంలో అక్షరం మారకుండానే అర్థం మారిపోయింది. ఆ తర్వాతి పదిహేనేళ్లలో టాస్ గెలిచిన జట్లు దాదాపు 60 శాతం ఓవర్‌టైమ్‌లు నెగ్గాయి.

మార్పు మాత్రం కేవలం అంకెలు చూసి రాలేదు. 2010 జనవరిలో న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ టాస్ గెలిచి, ఒక్క ఫీల్డ్ గోల్‌తో మిన్నెసోటాను 31-28తో ఓడించి లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌కు వెళ్లింది. మిన్నెసోటా క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫావ్ ఓవర్‌టైమ్‌లో బంతి తాకనేలేదు. మార్చిలో జట్ల యజమానులు 28-4 ఓట్లతో నిబంధన సవరించారు. ముందు దాడిచేసిన జట్టు ఫీల్డ్ గోల్ కొడితే ఎదుటి జట్టుకూ అవకాశం ఉంటుంది, టచ్‌డౌన్ చేస్తే ఉండదు. అది అరకొర సవరణ. జట్టంటే దాడే కాదు, ఆపలేకపోతే ఓడిపోవడం న్యాయమే అని సమర్థించేవాళ్లు ఉన్నారు. వాదన బలమైనదే, కానీ ఆ పరీక్ష ఒక్క జట్టుకే పెట్టడం నాకు సమ్మతం కాదు.

2022 జనవరి 23న కాన్సస్ సిటీలో జరిగిన నాకౌట్ మ్యాచ్‌లో బఫెలో బిల్స్ 13 సెకన్లు మిగిలి ఉండగా 36-33తో ముందుంది. కాన్సస్ సిటీ క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ రెండు పాసుల్లో 44 గజాలు దాటించాడు, ఫీల్డ్ గోల్‌తో స్కోరు సమమైంది. టాస్‌లో బఫెలో క్వార్టర్‌బ్యాక్ జాష్ ఆలెన్ బొరుసు కోరాడు, బొమ్మ పడింది. కాన్సస్ సిటీ వరసగా 75 గజాలు నడిచి ట్రావిస్ కెల్సీ టచ్‌డౌన్‌తో 42-36కు ఆట ముగించింది. ఆ రాత్రి ఎవరూ ఆపలేనంతగా ఆడిన ఆలెన్ పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయాడు. 2010 సవరణ తర్వాత జరిగిన 12 నాకౌట్ ఓవర్‌టైమ్‌లలో టాస్ గెలిచినవాళ్లే పదింట్లో నెగ్గారు. రెండు నెలలకే 29-3 ఓట్లతో నాకౌట్ మ్యాచ్‌లలో రెండు జట్లకూ బంతి ఖాయం చేశారు.

2024 ఫిబ్రవరిలో లాస్ వేగాస్ సూపర్ బౌల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో ఓవర్‌టైమ్ టాస్ గెలిచి ముందు బంతి తీసుకుంది. చెరోసారి ఆడాక మూడో అవకాశం తమదవుతుందన్నది కోచ్ కైల్ షానహాన్ లెక్క. శాన్‌ఫ్రాన్సిస్కో ఫీల్డ్ గోల్ కొట్టాక, ఎంత చెయ్యాలో తెలిసి దిగిన కాన్సస్ సిటీ టచ్‌డౌన్‌తో 25-22కు గెలిచింది. కొత్త నిబంధన తమకు తెలియదని ఓడిన జట్టు ఆటగాళ్లు కొందరు తర్వాత చెప్పారు.

రెండు జట్లకూ బంతి అనే ఈ హామీ లీగ్ దశ మ్యాచ్‌లకు 2025లో గాని రాలేదు. అక్కడ ఓవర్‌టైమ్ 10 నిమిషాలే. ఆటగాళ్ల ఒంటిపై భారం తగ్గించాలని 2017లో 15 నుంచి కుదించారు, ఆ కారణం నిజమైనదే. కానీ టాస్ గెలిచిన జట్టు నెమ్మదిగా నడుస్తూ ఏడెనిమిది నిమిషాలు తినేస్తే, జవాబిచ్చే జట్టుకు హక్కు ఉంటుంది గాని సమయం ఉండదు. ఆ ఐదు నిమిషాలను తిరిగి ఇవ్వడమో, రెండో జట్టు వంతు ముగిసేదాకా గడియారాన్ని లెక్కలోకి తీసుకోకపోవడమో, ఏదో ఒకటి యజమానులు ఇంకా చెయ్యవలసి ఉంది.